పదకొండో కేంద్రం

పట్టికలో పది వరుసలే ఉన్నాయి, కింద మొత్తం మాత్రం పదకొండింటిది. కనపడక కనపడక ఇది ఇప్పుడు కనపడింది, ఈ ఇనప బెంచీ మీద, వైవాకి నాకంటే ముందు ఇంకా నలుగురున్నారనగా. మూడు ప్రతులు లోపల ముగ్గురు పరీక్షకుల ముందున్నాయి, నాలుగోది నా ఒళ్లో ఉంది, నూట పన్నెండు పేజీలు, నల్ల అట్ట, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, ఆ రంగుకి వేరే డబ్బులు కూడా కట్టాను. నాలుగు లక్షల పద్దెనిమిది వేల ఆరు వందల లీటర్లు అని అచ్చయి ఉంది. నోటితో కూడాను, వేళ్ల కణుపుల మీద కూడాను, నమ్మకం చాలక ఫోను తీసి దాంతోనూ కూడాను, ఎటు కూడినా మూడు లక్షల ఎనభై ఒక్క వేల రెండు వందలే. తేడా ముప్పై ఏడు వేల నాలుగు వందలు. ఆ తేడా ఎక్కడిదో నాకెవరూ చెప్పక్కర్లేదు, అది మా బావ కేంద్రంలో మూడు నెలల పాలు. వారం కిందట ఆ వరుసను పట్టికలోంచి తీసేశాను, దాని గురించి రాసిన ఏడు పేజీలూ తీసేశాను, పేజీల నంబర్లు దిద్దాను, విషయసూచిక దిద్దాను, మొదట్లో 'పదకొండు కేంద్రాలు' అన్నచోటల్లా వెతికి 'పది' చేశాను, ఇంతా చేసి కింద మొత్తాన్ని మర్చిపోయాను. దాన్ని కూడికగా పెట్టి ఉంటే అదే మారేది, నేను అంకెగా అతికించాను. పందొమ్మిదేళ్లుగా పాల సంఘంలో లెక్కలు చూస్తున్నదాన్ని, ఇలా అంకెలు అతికించినందుకు నా కింది గుమాస్తాలను ఎన్నిసార్లు తిట్టానో. ఇప్పుడు నన్ను తిట్టాల్సినవాళ్లు ఆ తలుపు వెనకాల చల్లగా కూర్చుని ఉన్నారు.

తలుపు పక్క కుర్చీలో అటెండరు చేతిలో చీటీతో జోగుతున్నాడు, గంట మోగితే ఉలిక్కిపడి లేచి నంబరు పిలుస్తాడు. రెండో నంబరు వెళ్లింది, ఆమె కోర్సు మొదట్లో గర్భిణి, ఇప్పుడు బిడ్డ నడుస్తోందట. మనిషికి పావుగంట అన్నారు గాని ఇరవై నిమిషాలు పడుతోంది. అంటే నాకు ఇంకో గంట. గంటలో ఏం చేయొచ్చు, ప్రతులు వెనక్కి తెప్పించుకుని పెన్నుతో కొట్టేసి పొట్టి సంతకం పెట్టొచ్చా, అలా చేసేవాళ్ల గురించే కదా పద్నాలుగు నెలలుగా శని, ఆదివారాలు ఇక్కడికొచ్చి చదివింది. ఫోరెన్సిక్ అకౌంటింగులో పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్. పేరు నోరు తిరగక మా ఆయన దీనికి దొంగల చదువు అని పెట్టాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, చుట్టూ ఎవరున్నా గట్టిగానే మాట్లాడతాడు. "మా ఆవిడ దొంగల చదువు చదువుతోంది, ఇంట్లో కూరగాయలు తెచ్చినా రసీదు అడుగుతోంది" అని అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి కూడా చెప్పాడు. మొదటి క్లాసులో పెద్ద ఆడిటరమ్మ అడిగింది, మీలో ఎవరు ఎందుకొచ్చారో చెప్పండి అని. ఒకరు జ్ఞానం అన్నారు, ఒకరు సమాజం అన్నారు, నేను మా సంఘంలో అంతర్గత తనిఖీ అధికారి పోస్టు ఖాళీ అవుతోందండి, ఈ కాగితం ఉంటేగాని ఇవ్వరట అన్నాను. ఆమె నవ్వి, ఒక్కరైనా నిజం చెప్పారు అని నా పేరు రాసుకుంది. ఆ పోస్టుకి ఇంటర్వ్యూ వచ్చే నెల పదో తారీఖు. ఇప్పుడు దాటిపోతే ఆ కుర్చీలోకి వచ్చేవాడు పాతికేళ్లు అక్కడే కూర్చుంటాడు, నేను వాడికి ఫైళ్లు మోస్తాను.

ఆ పెద్ద ఆడిటరమ్మే లోపల మధ్య కుర్చీలో ఉంది. అరవై ఎనిమిదేళ్లు, రిటైరైనా కళ్లు రిటైరవ్వలేదు. పేజీ తిప్పే ముందు వేలు నాలికకి తాకించదు, పేజీనే ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూస్తుంది, పట్టికలు ముందు కింద నుంచి పైకి చదువుతుంది. కింద నుంచి పైకి. అంటే మొదట చూసేది ఆ మొత్తాన్నే. నిజమైన లెక్కల పుస్తకం ఎప్పుడూ కొంచెం గలీజుగా ఉంటుంది అనేది ఆమె, నాలుగు రంగుల సిరా ఉంటుంది, ఒకరోజు టీ ఒలుకుతుంది, ఒకరోజు రాసేవాడికి జ్వరం వచ్చి అక్షరం వంకరపోతుంది, అంకెలు కోతుల్లా ఎగురుతాయి, బుద్ధిగా కూర్చున్న అంకెలను చూస్తే మీకు భయం వేయాలి. ఆ మాట విన్న ఆదివారం సాయంత్రం బస్సులో నవ్వుకున్నాను, మా పాల రిజిస్టర్లంత గలీజు ఎక్కడుంటుంది, పేడ మరకలతో సహా ఉంటాయి అని. ప్రాజెక్టుకి నా సంఘమే తీసుకున్నాను, అనుమతి కాగితం కూడా మేనేజరు సంతోషంగానే ఇచ్చాడు, తనిఖీ చేసినట్టూ ఉంటుంది, జీతం ఇవ్వక్కర్లేదు. పదకొండు సేకరణ కేంద్రాలు. ఒక్కో కేంద్రంలో రోజుకి రెండు పూటలు ఊళ్లో వాళ్లు పాలు తెచ్చి పోస్తారు, ఒక చెంచాడు పాలు యంత్రంలో పెడితే వెన్న శాతం చూపిస్తుంది, పరీక్షించే మనిషి అది పైకి చదివి రిజిస్టర్లో, చీటీలో రాస్తాడు, ఆ అంకెను బట్టి డబ్బు. పది కేంద్రాల్లో అంకెలు కోతుల్లానే ఎగిరాయి. ఒకడికి మూడు, ఒకడికి ఐదుంపావు, నిన్న నాలుగు వచ్చినవాడికి ఇవాళ మూడున్నర. పదకొండోదాన్లో నలభై ఆరు మంది సభ్యులు, మూడు నెలలు, ఒక్కడికీ నాలుగు కంటే తగ్గలేదు, ఒక్కడికీ నాలుగున్నర కంటే పెరగలేదు. బుద్ధిగా కూర్చున్నాయి. అది మా బావ చేతిరాత.

చేతిరాత గురించి చెప్పాలంటే, నాకు అక్షరాలు దిద్దించినవాడు కాడు గాని నా చేత పరీక్షలు రాయించినవాడు ఆయనే. నాన్న పోయిన ఏడాది అక్క పెళ్లయింది, ఆ మరుసటి ఏడాది నేను కాలేజీ పరీక్షలకి పదిహేను కిలోమీటర్లు వెళ్లాలి, బావ సైకిలు మీద తీసుకెళ్లేవాడు, వెనక క్యారియరుకి గోనెపట్టా మడిచి కట్టేవాడు, నేను లోపల రాస్తున్నంతసేపూ గేటు బయట సైకిలుకి ఆనుకుని నిలబడేవాడు. ఎలా రాశావని ఎప్పుడూ అడగలేదు, ఆకలేస్తోందా అని అడిగేవాడు. ఇప్పుడు ఈ వరండాలో కూర్చుంటే బయట గేటు కనిపిస్తోంది, అక్కడ స్కూటర్లు ఆపుకుని ఎవరెవరో నిలబడి ఉన్నారు, అందులో బావ లేడు, ఈ పూట యంత్రం కడిగి సాయంత్రానికి సిద్ధం చేస్తూ ఉంటాడు. ఆ యంత్రం వచ్చి మూడేళ్లు. దానికి జ్ఞాపకం ఉంటుందని ఆయనకి తెలియదు. పెట్టిన ప్రతి చెంచాడు పాలకీ ఎంత చూపించిందో లోపల దాచుకుంటుంది, తీగ తగిలిస్తే మొత్తం కక్కేస్తుంది. సర్వీసు చేసే మెకానిక్ తీగ తగిలించి ఇచ్చాడు. యంత్రం చూపించింది ఒకటి, బావ రాసింది ఒకటి. మూడున్నర చూపిస్తే నాలుగు రాశాడు, ఐదు చూపిస్తే నాలుగున్నర రాశాడు. రోజు చివర లీటర్లతో హెచ్చేసి కూడితే కేంద్రం మొత్తం వెన్న పూసంత తేడా లేకుండా, పాలు పట్టుకెళ్లే ట్యాంకరు లెక్కతో సరిపోయింది. ఒక్క పైసా ఆయన జేబులోకి పోలేదు. కంప్యూటరుకి కూడా చెమట పట్టే లెక్క అది, పదో తరగతి తప్పిన మనిషి రోజూ రెండు పూటలు, వరుసలో జనం నిలబడి ఉండగా, మనసులోనే వేశాడు. దొంగతనం చేయడానికి కూడా అంత కష్టపడరు ఎవరూ.

ఎందుకో నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు గాని ఎవరూ దాన్ని దీనితో కలిపి చూడలేదు. ఎనిమిదేళ్ల కిందట, గాజు గొట్టాలతో పరీక్షించే రోజుల్లో, ఒక ఇంటి తోడికోడళ్లు ఇద్దరు, ఒకే కొట్టంలో ఆవులు, ఒకే గడ్డి, ఒకే తొట్టి, ఒకరి వెనక ఒకరు వచ్చి పాలు పోశారు. బావ పైకి చదివాడు, పెద్దామెకి మూడు ఆరు, చిన్నామెకి నాలుగు ఎనిమిది. పెద్దామె ఊరుకుంది. చిన్నామె ఊరుకోలేదు, "నీళ్లు కలిపే చేతులకి వెన్న ఎక్కడొస్తుందిలే" అంది, అంతే, క్యాను మూత గాల్లోకి లేచింది. ఏడు కుట్లు. ఆ ఇల్లు రెండైంది, కొట్టం మధ్యలో గోడ లేచింది, అన్నదమ్ములు ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు. కుట్లు పడ్డది చిన్నామెకి, రక్తం తుడిచింది బావ, తన కండువాతో. ఆ తరవాత ఎన్నో రోజులు మా అక్కతో అనేవాడట, "అంకె నేనే కదే చదివింది" అని.

తెలిసిన రోజు బస్సెక్కి వెళ్లాను. సాయంత్రం పాలు అయిపోయాయి, బావ క్యాన్లు బోర్లిస్తున్నాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను. చదవలేదు, చూశాడు.

"ఇది ఎవరు చెప్పారు?"

"నీ యంత్రమే చెప్పింది బావా."

"దాని దుంపతెగ, రోజూ కడిగి తుడిచి పెట్టాను కదా దాన్ని." క్యాను మీద కూర్చున్నాడు. "నేను తిన్నానా మరదలా?"

"తినలేదు."

"ఎనిమిదేళ్లలో ఆ వరుసలో ఒక్క గొడవ జరిగిందా?"

"జరగలేదు."

"మరి నువ్వు చదివేది దొంగల చదువైతే ఇందులో దొంగ ఎవరో చూపించు, నేనూ చూస్తాను." గొంతు తగ్గించి అడిగాడు, "ఇది రాస్తే మీవాళ్లు మార్కులేస్తారా?"

"వేస్తారు. ఇంత మంచి కేసు క్లాసులో ఎవరికీ దొరకలేదు."

"అయితే రాయి" అన్నాడు.

వద్దని ఉంటే రాసేదాన్నేమో. రాయి అన్నాడు, ఆకలేస్తోందా అన్నట్టే అన్నాడు, అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. నాలుగో రోజు అక్క ఫోను, "మీ బావ అన్నం కెలికి లేస్తున్నాడు, ఏం మాట్లాడి వెళ్లావే నువ్వు, నాతో చెప్పడు." ఆ పూటే కూర్చుని ఏడు పేజీలూ తీసేశాను. బావకి ఫోను చేసి తీసేశాను అన్నాను. "సర్లే, నీ చదువు పాడవకుండా చూసుకో" అన్నాడు. మర్నాడు అక్క చెప్పింది, రెండోసారి పెట్టించుకుని తిన్నాడట.

మూడో నంబరు బయటికొచ్చాడు, బ్యాంకులో పనిచేసే ఆయన, చొక్కా వీపుకి అంటుకుపోయింది. నా పక్కన కూలబడి నీళ్లు అడిగాడు, సీసా ఇచ్చాను. "ఆమె కింద నుంచి చదువుతోందండీ" అన్నాడు. తెలుసన్నాను. "ఒక చోట తప్పు దొరికింది, అచ్చుతప్పు అన్నాను, ఊరుకున్నారు" అన్నాడు. ఊరుకుంటారా అని అడిగాను. "అచ్చుతప్పు అందరికీ ఉంటుంది కదండీ." నాలుగో నంబరు లేచి వెళ్లింది. అచ్చుతప్పు. మొదట పదకొండు కేంద్రాలు అనుకున్నామండీ, ఒకదాని సమాచారం సరిగా రాక వదిలేశాం, మొత్తం మార్చడం మర్చిపోయాం. ఇందులో సగం నిజం కూడా. ఎవరూ పట్టుకోలేరు, నేనైనా పట్టుకోలేను. పది మార్కులు పోతాయి, కాగితం వస్తుంది, కుర్చీ వస్తుంది, బావ రెండోసారి పెట్టించుకుని తింటాడు, వరుసలో గొడవలు ఉండవు, కూడితే అంతా సున్నా. ఒకడికి అర పాయింటు ఎక్కువ, ఒకడికి అర పాయింటు తక్కువ, ఎక్కువలూ తక్కువలూ చెల్లిపోతాయి, సున్నా.

చెల్లిపోతాయి అని కాగితం మీద రాసుకోవచ్చు. కాగితం మీద సభ్యుల పేర్లుండవు, నంబర్లుంటాయి. ముప్పై ఒకటో నంబరు. యంత్రం జ్ఞాపకంలో మూడేళ్లూ ఆవిడది ఐదు ఒకటి, ఐదు, ఐదు రెండు, కేంద్రంలో అందరికంటే పైన. రిజిస్టర్లో నాలుగున్నర, నాలుగున్నర, నాలుగున్నర. రెండు ఆవులు, రోజుకి పన్నెండు లీటర్లు. మిగతావాళ్లు వెన్న ఎక్కువొచ్చిన రోజు పోగొట్టుకుంటే తక్కువొచ్చిన రోజు తెచ్చుకున్నారు, ఈవిడకి తక్కువ రోజే లేదు, పోగొట్టుకోవడమే. కూడి చూశాను, తీసేసిన ఏడు పేజీల్లో అది ఆరో పేజీ, మూడేళ్లకి ఒక చూడి ఆవు ఖరీదు. అది చూసి కూడా పేజీ తీసేయగలిగాను. అంకెను చూశాను కాబట్టి. ఈ బెంచీ మీద కూర్చున్నాక మనిషి గుర్తొచ్చింది. పొట్టిగా ఉంటుంది, ఎడమ చేతికి ఇనప కడియం, మొగుడు పోయాక ఆవులతోనే మాట్లాడుతుందని ఊళ్లో నవ్వుతారు, నాకు వరసకి పిన్ని. రెండేళ్ల కిందట నేను సెలవుకి వెళ్లి కేంద్రం అరుగు మీద టీ తాగుతుంటే పాలు పోసి అడిగింది బావని, "ఏమయ్యా, తవుడు పెంచాను, గానుగచెక్క పెంచాను, డాక్టరు రాసిన పొడి కలుపుతున్నాను, వెన్న మాత్రం ఎక్కట్లేదేంటి?"

"వయసు పిన్నీ. ఆవుకైనా మనకైనా ఒకటే" అన్నాడు బావ.

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను, టీ ముక్కులోకి పోయింది. ఆవిడ కూడా నవ్వి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వెళ్లిపోయింది, తరవాత తెలిసింది, ఆ నెల నుంచి ఇంకో బస్తా దాణా ఎక్కువ కొంటోందట. లోపం తన చేతుల్లో ఉందనుకుంది. మూడేళ్లుగా ఊళ్లో అందరికంటే మంచి పాలు పోస్తూ, తనకి పశువుని చూసుకోవడం రావట్లేదని అనుకుంటోంది. ఇది ఏ పట్టికలో ఏ గడిలో వస్తుంది, దీనికి ఎదురుగా ఏది పెడితే చెల్లిపోతుంది. దొంగ ఎవరో చూపించు అన్నావు బావా, దొంగ లేడు, అది నిజమే. పోయింది మాత్రం ఉంది, పోగొట్టుకున్న మనిషి ఉంది, పాలు పోసి నీకు దణ్ణం పెట్టి వెళుతోంది.

అటెండరు ఐదు అన్నాడు. రెండోసారి అన్నాక అది నేనేనని తెలిసింది.

గది చల్లగా ఉంది. పెద్ద ఆడిటరమ్మకి అటూ ఇటూ ఇద్దరు మగవాళ్లు, ఒకాయన బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఒకాయన మా విభాగం పెద్ద. కూర్చోమన్నారు. బయటి ఆయన ఏవో రెండు ప్రశ్నలు అడిగాడు, చెప్పాను, బాగానే చెప్పినట్టున్నాను, తలూపాడు. ఆమె ఏమీ అడగకుండా పేజీ ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. ఆ పేజీ ఏదో నాకు వెనక వైపు నుంచి కూడా తెలుస్తోంది.

"పన్నెండో పట్టిక చూడమ్మా. పైవి కూడితే కిందది రావట్లేదు. ముప్పై ఏడు వేల చిల్లర ఎక్కువుంది."

"ముప్పై ఏడు వేల నాలుగు వందలండి."

"అచ్చుతప్పా?" అన్నాడు విభాగం పెద్ద, మంచి మనిషి, తప్పించుకోవడానికి తలుపు తెరిచి పట్టుకున్నాడు నాకోసం.

"కాదండి. కిందదే సరైనది. పైన ఒక వరుస నేను తీసేశాను."

ఆమె పేజీ దించింది. "ఎందుకు?"

"ఆ కేంద్రంలో పాలు పరీక్షించేది మా బావగారండి."

అంతా చెప్పాను, తోడికోడళ్ల దగ్గర మొదలుపెట్టి, యంత్రం, నాలుగు, నాలుగున్నర, ట్యాంకరుతో సరిపోవడం. బయటి ఆయన మధ్యలో, "అయితే మోసంతో లాభపడ్డ వ్యక్తి లేడన్నమాట" అని రాసుకోబోయాడు. నష్టపోయినవాళ్లు ఉన్నారండి అన్నాను. ముప్పై ఒకటో నంబరు గురించి చెప్పాను, మూడేళ్ల అంకెలు కాగితం లేకుండానే నెల తరవాత నెల వచ్చాయి. దాణా బస్తా సంగతి కూడా చెప్పాను. అది లెక్కలోకి రాదేమో అన్నాను. ఆమె, "చెప్పు, చెప్పు" అంది.

చివరికి ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె అట్ట మూసింది, అలవాటుగా దాని మీద చెయ్యి పెట్టింది. "నీకు తెలుసుగా ఏం చెప్పాలో. తెలిసి వరుస తీసేసిన నివేదికని పాస్ చేయలేను. పదకొండింటితో మళ్లీ పెట్టు. తరవాతి విడత ఆరు నెలలకి. ఒక ప్రతి మీ మేనేజరుకీ పోతుంది, అది నిబంధన."

"తెలుసండి."

"నీ ఇంటర్వ్యూ ఎప్పుడన్నావు?"

"వచ్చే నెల పదోతారీఖండి."

నేను లేచాను, మూడు ప్రతులూ నా చేతికిచ్చారు, నాలుగూ కలిసి బరువుగా ఉన్నాయి. తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అడిగింది, "మీ బావకి ఎప్పుడు చెప్తావు?"

"ఇవాళేనండి. సాయంత్రం పాలు అయిపోయి అందరూ వెళ్లిపోయాక" అన్నాను. అని, నేను అన్నది నాకే వినపడింది. అందరూ వెళ్లిపోయాక, ఎవరికీ తెలియకుండా, గొడవ లేకుండా. "కాదండి. వరుస ఉన్నప్పుడే చెప్తాను. ముందు ఆవిడకి."

బయట అటెండరు ఆరో నంబరుని పిలుస్తున్నాడు. బ్యాంకు ఆయన ఏమైందని కళ్లతో అడిగాడు, చేయి ఊపి మెట్లు దిగాను. పావు తక్కువ పన్నెండు. ఒంటిగంట బస్సు పట్టుకుంటే నాలుగున్నరకి ఊరు, స్టాండు నుంచి కేంద్రానికి పది నిమిషాల నడక. పాలు ఐదింటికి మొదలవుతాయి. బావ బల్ల దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటాడు, నన్ను చూసి పాసయ్యావా అని అడగడు, ఏమైనా తిన్నావా అంటాడు, దానికి తట్టుకుని నేను నిలబడాలి. ఆవిడ ఎప్పుడూ వరుసలో అందరికంటే ముందుంటుంది, పాలు కొంచెం చల్లబడినా వెన్న తగ్గుతుందేమోనని.